చదివే పిల్ల, వినే పిల్ల

కరెంటు పోయిన మధ్యాహ్నాలే నాకు కోడ్ రాయడం నేర్పాయి. ఈ మాట చెబితే ఇప్పుడు నాతో పనిచేసేవాళ్లు నవ్వుతారు. వాళ్లకు కరెంటు పోతే పని ఆగుతుంది. మాకు మార్కాపురంలో, ఆ మేడమీది గదిలో, ఫ్యాను మెల్లమెల్లగా తిరిగి, రెక్కలు మూడూ విడివిడిగా కనబడి, చివరికి ఆగిపోయాక అసలు క్లాసు మొదలయ్యేది.

ఆ గది ఆపాది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలకు వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పేది ఆమె. మొదటిరోజు నేను మేడం అని పిలిస్తే, "మేడం గీడం ఏంది? మా ఇండ్లల్లో అక్కను ఆపా అంటారు. నువ్వూ అట్లనే పిలువు" అంది. అప్పటినుంచి మా బ్యాచ్ అంతటికీ ఆమె ఆపాయే. త్రిపురాంతకం, పెద్దారవీడు, పుల్లలచెరువు, ఎక్కడెక్కడి నుంచో బస్సులు పట్టుకుని వచ్చేవాళ్లం. గదిలో కంప్యూటర్లు నాలుగే. కరెంటు ఉన్నంతసేపూ వంతులవారీగా వాటి ముందు కూర్చునేవాళ్లం. కరెంటు పోగానే ఆపా కిటికీకి తడిపిన గోనెపట్ట వేలాడదీసి, "లాంగ్ నోటుబుక్కులు తీయండి" అనేది.

ఆమె క్లాసుకు రెండే నియమాలు. మొదటిది, కోడ్ ఏదైనా ముందు చేత్తో నోటుబుక్కులో రాయాలి. రెండోది, రాసినదాన్ని గట్టిగా చదవాలి. ఇద్దరిద్దరం జంటలుగా కూర్చునేవాళ్లం. జంటలో ఒకతె చదివే పిల్ల, ఇంకొకతె వినే పిల్ల. చదివే పిల్ల ప్రతి గుర్తునూ పలకాలి, ఒక్కటీ మింగకూడదు. వినే పిల్ల కళ్లు మూసుకుని, ఎక్కడైనా తప్పు వినబడితే వేలెత్తాలి. తప్పు పట్టి చూపడానికి అప్పుడు కంప్యూటరు పనిచేయదు కదా, ఆ పనిని ఆపా మా చెవులకు అప్పగించింది.

వెబ్ పేజీ రాసే భాషలో దాదాపు ప్రతిదాన్నీ తెరవాలి, మళ్లీ మూయాలి. శీర్షిక మొదలయ్యే చోట ఒక గుర్తు, ముగిసే చోట ఇంకో గుర్తు. పేరా అయినా, జాబితా అయినా అంతే. వాటిని మేం మా మాటల్లోనే చదువుకునేవాళ్లం. "తెరువు జాబితా. తెరువు వరస. హోమ్. మూయి వరస. తెరువు వరస. మా గురించి. మూయి వరస. మూయి జాబితా." ఆపా మా మధ్య తిరుగుతూ, "డబ్బా తెరిచినప్పుడే మూత చేతిలో పట్టుకోండమ్మా. తర్వాత ఎతుకుతే దొరకదు" అనేది.

ఇప్పటికీ ఆ గది తలచుకుంటే నాకు ముందు వినబడుతుంది, తర్వాతే కనబడుతుంది. గోనెపట్ట నుంచి వచ్చే తడివాసన, కింద దర్జీ దుకాణంలో మిషను చప్పుడు, గదినిండా తెరుస్తూ మూస్తూ పది గొంతుల గొణుగుడు. కళ్లు మూసుకుని వింటుంటే నిద్ర ఎప్పుడు పట్టేదో తెలిసేది కాదు. నిద్రలో కూడా ఆ మాటలు ఆగేవి కావు. ఒకసారి కలలో మా నాయన గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి ఉన్నాడు. పొద్దు వాలుతోంది. ఒక్కో గొర్రె లోపలికి పోతుంటే ఆయన "మూయి, మూయి" అంటున్నాడు. నిజంగా కూడా మా నాయన అంతే. మంద ఇంటికి వచ్చేటప్పుడు కళ్లు సగం మూసుకుని నిలబడి, ఆ అరుపుల్లో ఏ గొర్రె గొంతు లేదో విని చెప్పేవాడు. ఈ కల ఆపాకు చెబితే, "అయితే మీ నాయననే పిల్చుకరా. క్లాసు ఆయన చెప్తాడు, నేను పోయి గొర్లు కాసుకుంటా" అంది.

నా జంట పిల్లది పుల్లలచెరువు దగ్గర పల్లె. తెల్లవారకముందే లేచి మొదటి బస్సు పట్టుకుని వచ్చేది. దానికి అన్నింటికీ తొందరే, చదవడానికి కూడా. నేనేమో వినే పిల్లగా పరమ దండగ. అది చదువుతుంటే హాయిగా కునుకు తీసి, నిశ్శబ్దం వినబడగానే "సరిగ్గా ఉంది" అనేదాన్ని. అది నా తొడ గిల్లేది. సాయంత్రం ఆపా నోటుబుక్కులు తీసుకుని, ఒక్కో పేజీ పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టేది. ఆ టిక్కు తోక పైకి లేచి, పేజీ అంచు దాకా పోయేది. ఆ తోక కోసమే రాసేదాన్ని నేను.

ఆ తర్వాత పెళ్లయి గిద్దలూరు వచ్చాను. ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీ ఒకదానికి పనిచేస్తున్నాను. ఆఫీసు పని కాక, నాకంటూ ఒక పేజీ ఉంది. వెబ్ పని నేర్చుకునేవాళ్లకు చిన్నచిన్న చిట్కాలు, పనికొచ్చే కోడ్ ముక్కలు తెలుగులో పెడుతుంటాను. మొదటి చిట్కా, పేజీ నెత్తిన పెట్టాల్సిన ఒక్క లైను. అది మరచిపోతే మన తెలుగు అక్షరాలన్నీ పిచ్చి గీతలుగా కనబడతాయి. రెండోది, బొమ్మ వెడల్పు తెరను మించకుండా ఆపే లైను. అది లేకపోతే సెల్‌ఫోనులో బొమ్మ గడప దాటి బయటికి పోతుంది. తర్వాత జాబితాతో మెనూ చేయడం, పేజీ అడుగున సంవత్సరం దానంతటదే మారేలా చేయడం, ఇట్లాంటివి. మొదటి పది పన్నెండూ ఆపా క్లాసులో నేను రాసుకున్న నోటుబుక్కులోవే.

మొదట్లో ఆ కోడ్ అంతా మామూలుగా టైపు చేసే పెట్టేదాన్ని. ఒకమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి తన పేజీలో అతికించుకుంది. ఉదాహరణకు నేను రాసిన ఊరి పేరు కూడా మార్చలేదు. పైగా "అక్కా, మీ కోడ్ పనిచెయ్యట్లేదు" అని నాకే మెసేజ్. నాకు ఒళ్లు మండిపోయింది. చదవరు, రాయరు, ఎత్తుకుపోయి అతికించడం ఒక్కటే వచ్చు. అప్పుడు ఆపా మొదటి నియమం గుర్తొచ్చింది. టైపు చేసినవన్నీ తీసేశాను. నోటుబుక్కు పేజీలనే ఫోనుతో ఫోటోలు తీసి పెట్టాను. మా ప్రాంతంలో పెళ్లి కార్డు నుంచి హాల్ టికెట్ దాకా అన్నీ వాట్సాప్‌లో ఫోటోలుగానే తిరుగుతాయి కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. ఫోటోలోంచి కోడ్ ఎత్తుకుపోలేరు. చచ్చినట్టు చేత్తో రాసుకోవాల్సిందే. కొత్త చిట్కాలు కూడా ముందు నోటుబుక్కులో రాసి, ఫోటో తీసే పెట్టడం మొదలుపెట్టాను.

ఆపా అప్పుడు చూసి మురిసిపోయింది. "షాబాష్ బేటా, నా మాట నిలబెట్టినావు" అంది. ఆ తర్వాత తన క్లాసులో కొత్త పాఠాలన్నీ నా పేజీలోంచే చెప్పడం మొదలుపెట్టింది. నా గురువు నా పేజీ చూసి పాఠం చెబుతోందంటే నా కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ గర్వం దాచుకోవాలని కూడా నాకు తోచలేదు.

రెండేళ్ల కిందట ఆపాకు షుగర్‌తో చూపు తగ్గింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి మనుషులు నీడల్లా తెలుస్తారు, అక్షరాలు తెలియవు. నేను ఫోన్ చేసి ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చింది. "ఏం కాదులే. ఫోను మాట్లాడతాదమ్మా ఇప్పుడు. వేలు పెట్టిన చోటల్లా చదివి వినిపిస్తాది నాకు" అంది. నా మనసు తేలికపడింది. ఎంత తేలికపడిందంటే, ఆ సంగతి ఇంక ఆలోచించనే లేదు.

ఈ ఎండాకాలం మొదట్లో నా జంట పిల్ల ఫోన్ చేసింది. అది మార్కాపురంలోనే జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల దుకాణం పెట్టుకుంది. "ఆపా క్లాసు మూసేస్తాదంట. కొత్త బ్యాచ్ పిల్లలు రెండుసార్లు వచ్చి తిరిగిపోయినారు. ఏందని అడిగితే ఓపిక లేదంటాది. నువ్వన్నా వచ్చి అడుగు" అంది. ఆపా నుంచి ఆ క్లాసు తీసేస్తే ఏం మిగులుతుందో నా ఊహకు అందలేదు. ఆ గది లేకపోతే నేను ఏమయ్యుండేదాన్నో మాత్రం బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. కంభం దాటాక కిటికీలోంచి వేడిగాలి కొట్టడం మొదలైంది. కునుకు పట్టింది. కిటికీ అవతల పోతున్న వేపచెట్లు, గట్లు, మేకలు అన్నీ ఎవరో చదువుతున్నట్టు వినబడ్డాయి. తెరువు చెట్టు, మూయి చెట్టు. తెరువు గట్టు, మూయి గట్టు. మార్కాపురం రోడ్ స్టేషన్ రాగానే పక్కనున్న అవ్వ నా భుజం తట్టి లేపింది. లేకపోతే అట్లాగే గుంటూరు దాకా పోయేదాన్ని.

ఆపా గది తలుపు తీసే ఉంది. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని, "గిద్దలూరు పిల్ల వచ్చింది. చెప్పులు ఈడ్చి నడిచేది ఇంకా పోలేదు నీకు" అంది. చాయ్ తనే పెట్టి ఇచ్చింది. గ్లాసు నా చేతికి ఎంత సరిగ్గా అందించిందంటే, చూపు లేదన్న మాటే నమ్మబుద్ధి కాలేదు.

"క్లాసు ఎందుకు ఆపా మూస్తున్నారు?" అని అడిగాను.

"ఓపిక లేదు బేటా."

"నాతో అబద్ధం చెప్పకండి. చాయ్ పెట్టే ఓపిక ఉంది, నన్ను తిట్టే ఓపిక ఉంది."

ఆమె బల్ల మీద తడుముకుని ఫోను తీసి, నా పేజీ తెరిచి, నా చేతిలో పెట్టింది. "కండ్లు మూసుకో" అంది.

"ఎందుకు?"

"వినే పిల్లవు గదా. మూసుకో. వేలు మెల్లగా పక్కకు జరుపుతా పో."

కళ్లు మూసుకున్నాను. గోనెపట్ట తడివాసన అప్పటిలాగే ఉంది. కింద మిషను చప్పుడు కూడా ఉంది. వేలు జరిపాను. ఫోనులోని ఆడగొంతు నా పేజీ పేరు చక్కగా చదివింది. మొదటి చిట్కా శీర్షిక చదివింది. ఇంకోసారి జరిపాను. "ఐఎమ్‌జీ, డబ్ల్యూఏ, సున్నా సున్నా సున్నా ఏడు, ఇమేజ్" అంది. మళ్లీ శీర్షిక. మళ్లీ జరిపాను. "ఐఎమ్‌జీ, డబ్ల్యూఏ, సున్నా సున్నా సున్నా ఎనిమిది, ఇమేజ్" అంది. నేను జరుపుతూనే ఉన్నాను. సున్నాలు వస్తూనే ఉన్నాయి. నా అక్షరాలు, నా గీతలు, ఎంతో ముచ్చటగా మూడు రంగుల సిరాలతో రాసుకున్న ఆ కోడ్ అంతా ఆ గొంతుకు ఒక ఫైలు నంబరు మాత్రమే. చిట్కాలన్నీ అయిపోయేదాకా ఒక్క లైను కూడా నాకు వినబడలేదు.

కళ్లు తెరవడానికి సిగ్గేసింది.

"మొన్నటి దాకా పిల్లలే చదివి పెట్టినారు నాకు," అంది ఆపా. "వాళ్లు చదవాల, నేను విని మళ్లా వాళ్లకే చెప్పాల. టీచర్ అన్నాక పాఠం పిల్లలకన్నా ముందు తనకు తెలిసుండాల గదా? వాళ్లు ఒక గుర్తు వదిలేసి చదివినారనుకో, నాకు తెలిసేదెట్ల? తప్పు చెప్పేదానికన్నా మూసుకునేది నయం."

"రెండేళ్ల నుంచి నాకు ఒక్క మాట చెప్పలేదు మీరు."

"ఎట్ల చెప్పేది? చేత్తో రాయాల అని నేనే కదా నీకు నేర్పింది. నా మాట పట్టుకునే ఫోటోలు పెట్టినావు. ఇప్పుడు నాకు కండ్లు పోయినాయి, నీ పని మార్చుకో అని చెప్పమంటావా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆమె రెండు నియమాలు నేర్పితే నేను ఒకటే పట్టుకున్నాను. రాయడం గుర్తుంది. గట్టిగా చదవడం మరచిపోయాను. క్లాసులో కునుకు తీసిన వినే పిల్ల ఇన్నేళ్ల తర్వాత కూడా కునుకు తీస్తూనే ఉంది, ఇప్పుడు గిల్లేవాళ్లు లేరు, అంతే. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "చాయ్ చల్లారతాది, తాగు" అంది.

గిద్దలూరు తిరిగొచ్చి ఫోటోల ముందు కూర్చున్నాను. ఆఫీసు పని ముగించుకుని, రోజూ సాయంత్రాలు ఒక్కో పేజీ చూస్తూ, ఉన్నదున్నట్టు టైపు చేశాను. ఎత్తుకుపోయి అతికించుకునేవాళ్లు అతికించుకోనీ అనుకున్నాను. వాళ్ల మీద కోపం పోలేదు కానీ, ఆ కోపానికి ఆపా చెవులు మూయడం న్యాయం కాదు. ప్రతి చిట్కా కింద పాత ఫోటో అట్లాగే ఉంచి, దానికి వివరణ రాశాను. బొమ్మ పెట్టే లైనులో, ఆ బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పడానికి ఒక చోటు ఉంటుంది. తెర మీద ఆ మాటలు కనబడవు, బొమ్మ చూడలేనివాళ్లకు ఫోను చదివి వినిపిస్తుంది. ఇన్నేళ్లూ ఆ చోటు ఖాళీగా వదిలేశాను. అక్కడ ఏమీ రాయకపోయినా పేజీ అందంగానే కనబడుతుంది, అదే వచ్చిన చిక్కు.

తర్వాత కళ్లు మూసుకుని నా పేజీలో నేనే నడిచాను. తల ప్రాణం తోకకొచ్చింది. నేను ముచ్చటపడి చేసుకున్న బటన్ నిజానికి బటన్ కాదు, రంగు పూసిన ఒక గడి. నొక్కవచ్చన్న సంగతి ఫోను చెప్పనే లేదు. దాన్ని తీసి అసలైన బటన్ గుర్తు పెట్టాను. పేరు రాసే గడికి పక్కన పేరు అని కనబడుతుంది కానీ, ఆ రెండింటికీ ముడి వేయలేదు. ఫోను "ఖాళీ గడి" అని ఊరుకుంది. లేబుల్ అనే గుర్తుతో ముడి వేశాను. ఇవన్నీ పదిమందికి చిట్కాలు చెప్పే మనిషి పేజీలో ఉన్న తప్పులు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఒక శనివారం మళ్లీ మార్కాపురం వెళ్లాను. జంట పిల్ల కూడా దుకాణానికి తాళం వేసి వచ్చింది. ఎండ మండుతోంది. మేం కూర్చున్న కాసేపటికే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనబడి ఆగిపోయాయి. ముగ్గురం ఏమీ అనుకోకుండానే కుర్చీలు దగ్గరికి జరుపుకున్నాం. ఆపా ఫోను తన ఒళ్లో పెట్టుకుని, ఒక్క గుర్తు కూడా వదలకుండా చదవమని దానికి చెప్పే సెట్టింగు పెట్టుకుంది. అప్పుడు కళ్లు మూసుకుంది. నీడలు మాత్రమే తెలిసే ఆ కళ్లను మూసుకోవాల్సిన అవసరం ఏముందో నాకు తెలియదు, కానీ అలవాటు అలవాటే.

ఫోను చదవడం మొదలుపెట్టింది. మొదటి చిట్కా వచ్చింది. ఆపా తల ఊపింది. రెండోది వచ్చింది. మూడోది, నాలుగోది కూడా. ఫోటోలంటే సున్నాలే అన్న అలవాటుతో ఆపా వాటిని దాటేస్తూ కోడ్ ఒక్కటే వింటోంది. ఆ యంత్రం గొంతుకు మన మాటలు రావు, గుర్తులన్నీ ఇంగ్లీషులోనే చదువుతుంది. నా చెవి వాటిని తెరువు, మూయి అని మార్చుకుంటూ పోయింది. గదిలో వేడి, ఆ నిదానమైన చదువు, తడివాసన. నా రెప్పలు బరువెక్కాయి. ఐదో చిట్కా మెనూది. తెరువు జాబితా. తెరువు వరస. హోమ్. మూయి వరస. తెరువు వరస. మా గురించి. మూయి వరస.

ఆపా వేలెత్తింది.

"మూత ఏది?" అంది.

ఫోను ఆపి తెర మీద చూశాను. జాబితా తెరిచాను, మూయలేదు. పేజీని తెరిచి చూపే బ్రౌజరు మంచిది, మనం మరచిన మూతలు చాలావరకు తనే పెట్టుకుంటుంది, అందుకే పేజీ ఎప్పుడూ చెడలేదు. ఇన్నేళ్లలో ఎంతమందో ఆ చిట్కా చూశారు. రాసిన నేను చూశాను, ఆనాడు పక్కన కూర్చుని చదివిన జంట పిల్ల చూసింది, మొన్న టైపు చేస్తూ మళ్లీ నేనే చూశాను. ఎవరికీ కనబడలేదు. జంట పిల్ల నా తొడ గిల్లింది.

"తర్వాత ఏముందో చూద్దాం" అని ఆపా వేలు పక్కకు జరిపింది. ఈసారి సున్నాలు రాలేదు. ఫోటోకు నేను రాసిన వివరణ ఫోను నిదానంగా చదివింది. "లాంగ్ నోటుబుక్కు పేజీ. మెనూ కోడ్, నీలం సిరా. పక్కన ఆపా ఎర్రసిరాతో పెట్టిన టిక్కు. దాని తోక పేజీ అంచు దాకా ఉంది."

ఆపా మళ్లీ వెనక్కి జరిపి, ఆ వివరణను ఇంకోసారి వింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"కండ్లున్నప్పుడు ఈ తప్పు వదిలేసి టిక్కు పెట్టినానే," అంది.

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, లేచి, తడుముకుంటూ పోయి కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు ఒక్కొక్కటీ తీసి మడతపెట్టింది. నాలుగో గుడ్డ మడతపెడుతూ జంట పిల్లతో చెప్పింది.

"ఆ పిల్లలకు ఫోన్ చెయ్యి. సోమవారం రమ్మను. చదివే పిల్లలు కావాల నాకు. వినే పిల్లను నేనున్నా."